చిన్న పీసీకి ఏ మదర్‌బోర్డ్: మైక్రో ఏటీఎక్స్ సరిపోతుందా, మినీ ఐటీఎక్సే కావాలా?

చిన్న డెస్క్‌టాప్ కట్టుకుందాం అనుకోగానే చాలామంది నేరుగా మినీ ఐటీఎక్స్ బోర్డుల లిస్టు తెరుస్తారు. అక్కడే లెక్క తలకిందులవుతుంది. కంప్యూటర్ ఎంత చిన్నగా వస్తుందో తేల్చేది బోర్డు కాదు. గ్రాఫిక్స్ కార్డు పొడవు, మందం, పవర్ సప్లై సైజు, కూలర్ ఎత్తు కలిసి తేలుస్తాయి, బోర్డు వాటి మధ్య మిగిలిన చోట సర్దుకుంటుంది. అందుకే ముందు గ్రాఫిక్స్ కార్డు ఉంటుందా లేదా అన్నది తేల్చుకోండి, తర్వాత క్యాబినెట్ ఎంచుకోండి, బోర్డు జోలికి ఆ తర్వాతే వెళ్లండి. ఈ వరసలో వెళ్తే చాలామందికి మైక్రో ఏటీఎక్స్ దగ్గరే పని అయిపోతుంది, మినీ ఐటీఎక్స్ కోసం పెట్టే అదనపు డబ్బు ప్రాసెసర్‌కో ఎస్‌ఎస్‌డీకో వెళ్తుంది.

ముందు కొలతలు. మామూలు ఏటీఎక్స్ బోర్డు 305 × 244 మిల్లీమీటర్లు. మైక్రో ఏటీఎక్స్ గరిష్ఠంగా 244 × 244. మినీ ఐటీఎక్స్ 170 × 170, దీన్ని 2001లో వయా టెక్నాలజీస్ తెచ్చింది, అప్పట్లో అది తక్కువ కరెంటుతో నడిచే చిన్న చిన్న యంత్రాల కోసం, ఇప్పుడు దాని మీదే 16 కోర్ల ప్రాసెసర్లు నడుపుతున్నాం. వైశాల్యంలో చూస్తే మినీ ఐటీఎక్స్ అన్నది మైక్రో ఏటీఎక్స్‌లో సగం కూడా లేదు. స్క్రూ రంధ్రాలు మాత్రం ఒకే పద్ధతిలో ఉంటాయి కాబట్టి మినీ ఐటీఎక్స్ బోర్డును పెద్ద క్యాబినెట్‌లో కూడా బిగించుకోవచ్చు, పెద్ద బోర్డును చిన్న క్యాబినెట్‌లో పెట్టడం కుదరదు. తర్వాత ఎప్పుడో క్యాబినెట్ మార్చే ఆలోచన ఉన్నవాళ్లకి ఇదొక్కటీ మినీ ఐటీఎక్స్ వైపు నిలబడే మాట.

మైక్రో ఏటీఎక్స్ అని రాసి ఉన్నంత మాత్రాన 244 మిల్లీమీటర్లు పూర్తిగా ఉంటుందనుకోకండి. చవక బోర్డులు చాలావాటిని వెడల్పు తగ్గించి చేస్తారు, కుడివైపు అంచు 190 దగ్గరే ఆగిపోతుంది. చోటు పరంగా అది లాభమే కానీ ఆ అంచు కింద స్క్రూ ఉండదు, బోర్డు గాల్లో వేలాడుతున్నట్టే ఉంటుంది, 24 పిన్నుల పవర్ కనెక్టర్ ఉండేదేమో సరిగ్గా అక్కడే. బలంగా నొక్కితే బోర్డు వంగుతుంది. ఒక చేతి వేళ్లు అంచు కింద పెట్టి ఎత్తి పట్టుకుని రెండో చేత్తో కనెక్టర్ దింపాలి, ర్యామ్ పెట్టేటప్పుడూ అంతే. ర్యామ్‌నైతే బోర్డు క్యాబినెట్‌లోకి వెళ్లకముందే బల్ల మీద పెట్టేసుకోవడం మేలు.

ఇప్పుడు అసలు పోటీ

గ్రాఫిక్స్ కార్డుతో గేమింగ్ పీసీ కట్టేవాళ్లకి పోటీ ఈ రెండింటి మధ్యే. మినీ ఐటీఎక్స్‌లో ర్యామ్ స్లాట్లు రెండు, కార్డులు గుచ్చే పీసీఐఈ స్లాట్ ఒకటే, సన్నటి ఎస్‌ఎస్‌డీ పెట్టే ఎం.2 స్లాట్లు సాధారణంగా రెండు, హార్డ్‌డిస్కులు తగిలించే సాటా పోర్టులు రెండు నుంచి నాలుగు, ఫ్యాన్ల వైర్లు తగిలించే హెడర్లు మూడు. మైక్రో ఏటీఎక్స్‌లో ర్యామ్ స్లాట్లు నాలుగు దాకా, పీసీఐఈ స్లాట్లు రెండో మూడో, సాటా నాలుగు ఆపైన. ఈ పట్టిక చూసి మినీ ఐటీఎక్స్ అన్నింట్లో వెనకపడింది అనేస్తారు. అది పూర్తి నిజం కాదు.

ర్యామ్ సంగతే తీసుకోండి. డీడీఆర్5 రకం ర్యామ్ వచ్చాక నాలుగు స్లాట్లు ఉండటం పేరుకే గొప్ప. రైజెన్ 7000 ప్రాసెసర్లకి ఏఎండీ అధికారికంగా ఇచ్చే వేగం రెండు స్టిక్కులైతే సెకనుకి 5200 మెగాట్రాన్స్‌ఫర్లు, నాలుగు పెడితే 3600కి పడిపోతుంది. రైజెన్ 9000లో రెండింటికి 5600, నాలుగింటికి మళ్లీ 3600. నాలుగు స్టిక్కులతో ఎక్స్‌పో (ర్యామ్‌ను అధికారిక వేగం కన్నా పైకి తీసుకెళ్లే సెట్టింగు) ఆన్ చేసి పీసీ బూట్ కాక తల పట్టుకోవడం చాలామందికి అనుభవమే. రెండు స్లాట్ల బోర్డులో ప్రాసెసర్ నుంచి స్లాటు దాకా దారి చిన్నది, మధ్యలో ఖాళీ స్లాటు ఉండదు, అందుకే అధిక వేగాల దగ్గర ఇవే నిలకడగా ఉంటాయి. పైగా 48 జీబీ స్టిక్కులు రెండు పెడితే 96 జీబీ వస్తుంది, 64 జీబీవి రెండు పెడితే 128. ఇంతకన్నా కావాల్సినవాళ్లు చిన్న పీసీ కోసం వెతుకుతూ ఉండరు. కాబట్టి ర్యామ్ స్లాట్ల కోసం మైక్రో ఏటీఎక్స్ తీసుకోనక్కర్లేదు. మైక్రో ఏటీఎక్స్‌లోనూ రెండే స్లాట్లున్న బోర్డు కనిపిస్తే తక్కువగా చూడకండి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి, రెండు స్లాట్ల బోర్డులో మొదటిరోజే ఎంత ర్యామ్ కావాలో తేల్చుకోవాలి, ఇప్పుడు 8 జీబీవి రెండు పెట్టి తర్వాత ఇంకో రెండు చేరుద్దాం అంటే కుదరదు, ఉన్నవి తీసేయాల్సిందే.

మినీ ఐటీఎక్స్‌లో నిజంగా కోల్పోయేది రెండో పీసీఐఈ స్లాటు. క్యాప్చర్ కార్డు, 10 గిగాబిట్ నెట్‌వర్క్ కార్డు, అదనపు సాటా కార్డు, ఏదైనా సరే గ్రాఫిక్స్ కార్డుతో పాటు కావాలంటే దారి మూసుకుపోయినట్టే. అలాగని మైక్రో ఏటీఎక్స్‌లో రెండో స్లాటు ఉంది కదా అని నిశ్చింతగా ఉండలేం. మూడు స్లాట్ల మందమున్న గ్రాఫిక్స్ కార్డు పెడితే కింద ఏం మిగులుతుంది? బోర్డు ఫొటో తీసుకుని చూడండి. మైక్రో ఏటీఎక్స్‌కి మొత్తం నాలుగు స్లాట్ల చోటే ఉంటుంది, గ్రాఫిక్స్ కార్డు పెట్టే పొడుగు ఎక్స్16 స్లాటు పైనుంచి మొదటి స్థానంలో ఉంటే అడుగున ఒకటి బతుకుతుంది, రెండో స్థానంలో ఉంటే ఏదీ మిగలదు. మిగిలినది కూడా తరచూ ఎక్స్1 స్లాటే, అంటే డేటా పోయే దారి (లేను) ఒక్కటే ఉన్నది. అది వైఫై కార్డుకో సౌండ్ కార్డుకో చాలు, పీసీఐఈ 3.0 అయితే 10 గిగాబిట్‌కి చాలదు. అంటే డబ్బు పెట్టి కొన్న రెండో స్లాటు వాడుకోగలిగేది సన్నటి కార్డు ఉన్నవాళ్లూ, అసలు గ్రాఫిక్స్ కార్డే లేనివాళ్లూ.

సాటా విషయంలో ఇంకో మెలిక ఉంది, ఎం.2 స్లాటు నింపితే రెండు సాటా పోర్టులు పనిచేయడం మానేసే బోర్డులు ఉన్నాయి. ఇది డబ్బా మీద రాయరు. మాన్యువల్‌లో స్టోరేజీ పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది, కొనేముందే మాన్యువల్ దింపుకుని ఆ పేజీ చదవండి.

ఇక క్యాబినెట్. లీటర్లలో కొలుస్తారు. ఫ్రాక్టల్ టెర్రా 10.4 లీటర్లు, డాన్ ఏ4 సుమారు 7 లీటర్లు, కూలర్ మాస్టర్ ఎన్ఆర్200 దాదాపు 18 లీటర్లు, ఇవన్నీ మినీ ఐటీఎక్స్‌వే. మైక్రో ఏటీఎక్స్ వైపు అందరికీ తెలిసిన ఆసుస్ ఏపీ201 అయితే 33 లీటర్లు. నా గీత ఎక్కడంటే, 15 లీటర్ల లోపు క్యాబినెట్ కావాలి, బ్యాగులో పెట్టుకుని తిరగాలి లేదా టీవీ కింద అరలో పట్టాలి అంటే మినీ ఐటీఎక్స్ తీసుకోండి, వేరే దారి లేదు. టేబుల్ మీద ఒక మూల కాస్త తక్కువ చోటు తీసుకుంటే చాలు అనుకునేవాళ్లకి 20 నుంచి 33 లీటర్ల మధ్య మైక్రో ఏటీఎక్స్ క్యాబినెట్లు దొరుకుతాయి, వాటిలో మామూలు ఏటీఎక్స్ పవర్ సప్లై కూడా చాలాసార్లు పడుతుంది. ఈ చివరి మాట ముఖ్యం. చిన్న ఐటీఎక్స్ క్యాబినెట్ అంటే ఎస్‌ఎఫ్‌ఎక్స్ పవర్ సప్లై, అంటే 125 × 100 × 63.5 మిల్లీమీటర్ల డబ్బా, అదే వాట్లకి ఏటీఎక్స్ కన్నా ఖరీదు. ఐటీఎక్స్ బోర్డు అదనపు ధర, ఎస్‌ఎఫ్‌ఎక్స్ అదనపు ధర, పొట్టి కూలర్ అదనపు ధర, కొన్ని క్యాబినెట్లకి గ్రాఫిక్స్ కార్డును స్లాటుకి కలిపే రైజర్ కేబుల్, ఇవన్నీ కలిపి చూడాలి, బోర్డుల ధరలు మాత్రమే పక్కపక్కన పెట్టి చూస్తే తేడా చిన్నదిగా కనిపించి మోసం చేస్తుంది.

రైజర్ కేబుల్ అన్నాను కదా, గ్రాఫిక్స్ కార్డును బోర్డు వెనక్కి తిప్పి పెట్టే క్యాబినెట్లలో అది తప్పదు. పాత పీసీఐఈ 3.0 కేబుల్‌తో 4.0 కార్డు పెడితే స్క్రీన్ నల్లగా ఉండిపోవచ్చు, అప్పుడు బయోస్‌లో, అంటే బోర్డు సెట్టింగుల తెరలో, స్లాటును జెన్ 3కి (3.0 వేగానికి) దింపాలి. అసలు స్క్రీనే రాకపోతే బయోస్‌లోకి ఎలా వెళ్లాలి అని అడుగుతారు. ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉంటే కార్డు తీసేసి బోర్డు హెచ్‌డీఎంఐకి మానిటర్ తగిలించి మార్చాలి. చిన్న బిల్డుకి ఇంటెల్‌లో ఎఫ్ అక్షరం ఉన్న ప్రాసెసర్లు, రైజెన్ 7500ఎఫ్ లాంటివి నేను సాధారణంగా వద్దనేది ఇందుకే, వాటిలో గ్రాఫిక్స్ ఉండదు.

బిగించేటప్పుడు తెలిసేవి

మినీ ఐటీఎక్స్ బోర్డు కొనేముందు దాని ఫొటోను పైనుంచి తీరిగ్గా చూడండి. ప్రాసెసర్ సాకెట్, దాని కుడిపక్క ర్యామ్, ఎడమపక్క వీఆర్ఎం (ప్రాసెసర్‌కి కరెంటు సరిచేసి ఇచ్చే భాగం) హీట్‌సింక్, కింద పీసీఐఈ స్లాటు, సాకెట్‌కీ ఆ స్లాటుకీ మధ్య ఎం.2. ప్రాసెసర్‌కి పవర్ ఇచ్చే 8 పిన్నుల కనెక్టర్ పైన ఎడమ మూలలో ఉంటుంది. కూలర్ బిగించి, బోర్డు క్యాబినెట్‌లో పెట్టి, చివర్లో ఆ కేబుల్ తగిలిద్దాం అంటే హీట్‌సింక్‌కి క్యాబినెట్ పైకప్పుకి మధ్య వేలు దూరదు. క్లిప్పు పడిందో లేదో కనిపించదు, చెవితో వినాలి. బోర్డును లోపలికి దించకముందే ఆ కేబుల్ తగిలించి దాంతో పాటే దించడం ఒక్కటే సుఖమైన పద్ధతి. ఫ్రంట్ ప్యానెల్ సన్న వైర్లు కూడా గ్రాఫిక్స్ కార్డు పెట్టకముందే.

కొన్ని ఐటీఎక్స్ బోర్డుల్లో రెండో ఎం.2 వెనకవైపు ఉంటుంది. అక్కడ గాలి ఆడదు, వేడెక్కే జెన్ 4 ఎస్‌ఎస్‌డీని అక్కడ పెట్టకండి, తక్కువ వాడే డేటా డ్రైవు పెట్టండి. అది పాడైతే బోర్డు మొత్తం ఊడదీయాలి, ఊడదీయడానికి కార్డు, కేబుళ్లు అన్నీ తీయాలి. ముందువైపే రెండూ ఒకదాని మీద ఒకటి అంతస్తుల్లా పేర్చిన బోర్డులు కాస్త ఖరీదైనా నాకు అవే నయం.

కూలర్ ఎత్తు క్యాబినెట్ చెబుతుంది, కానీ కూలర్ వెడల్పు బోర్డు చెబుతుంది. నాక్టువా ఎన్‌హెచ్-ఎల్9 లాంటి 37 మిల్లీమీటర్ల పొట్టి కూలర్ దేని మీదా పడదు, 65 వాట్ల ప్రాసెసర్ దాకా దాన్ని నమ్మొచ్చు. 70 మిల్లీమీటర్ల ఎల్12ఎస్ లాంటిదైతే ర్యామ్ మీదుగానో వీఆర్ఎం హీట్‌సింక్ మీదుగానో వాలుతుంది. ఖరీదైన ఐటీఎక్స్ బోర్డుల్లో హీట్‌సింకులు గోడల్లా లేపుతున్నారు, చూడటానికి బాగుంటాయి, కూలర్‌కి అడ్డం. రంగుల లైట్లున్న పొడుగు ర్యామ్ కూడా అంతే. కూలర్ తయారీదారు సైట్‌లో మీ బోర్డు పేరుతో పొందిక జాబితా ఉంటుంది, ఊహించుకోవడం కంటే అది చూడటం నయం.

ఏ ప్లాట్‌ఫామ్, ఏ చిప్‌సెట్

ఏఎండీలో ఏఎం5 అంటే 2022లో వచ్చిన సాకెట్, డీడీఆర్5 మాత్రమే. 2027 దాకా, ఆ తర్వాత కూడా కొనసాగిస్తామని కంపెనీ చెప్పింది, చిన్న బిల్డులో బోర్డు మార్చడమంటే మొత్తం విప్పడమే కాబట్టి ఈ మాటకి ఇక్కడ మామూలు కన్నా ఎక్కువ విలువ ఉంది. ఇంటెల్‌లో ఎల్‌జీఏ1700 మీద 12, 13, 14వ తరాలు నడుస్తాయి, డీడీఆర్4 బోర్డులూ డీడీఆర్5 బోర్డులూ రెండూ ఉన్నాయి, చేతిలో మంచి డీడీఆర్4 ర్యామ్ ఉన్నవాళ్లకి ఇది ఇప్పటికీ తెలివైన దారి. ఎల్‌జీఏ1851 అంటే కోర్ అల్ట్రా 200 ఎస్ శ్రేణి, డీడీఆర్5 మాత్రమే.

చిప్‌సెట్లలో, అంటే బోర్డు ఏ సౌకర్యాలివ్వగలదో తేల్చే చిప్పుల్లో, తేడా అంతా పేర్లలోనే దాక్కుంటుంది. ఏఎండీ వైపు ఏ620లో ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ (నిర్ణీత వేగాన్ని దాటించడం) లేదు, ర్యామ్ ఎక్స్‌పో ఉంది, గ్రాఫిక్స్ స్లాటు పీసీఐఈ 4.0 ఎక్స్16, 65 వాట్ల రైజెన్‌కి ఇది చాలు. బీ650 అందరికీ సరిపోయే మధ్యస్థం. బీ840 దగ్గర జాగ్రత్త, అంకె పెద్దది కదా అని బీ650 కన్నా మెరుగనుకుంటే పొరపాటే, ఇందులో ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ లేదు, చిప్‌సెట్ నుంచి వచ్చే లేన్లు పీసీఐఈ 3.0. బీ850 వేరు, బీ840 వేరు. ఇంటెల్ వైపు హెచ్610లో ఎం.2కి పీసీఐఈ 3.0 వేగమే, ఎక్స్‌పో లాంటి ఎక్స్‌ఎంపీతో ర్యామ్ ఓవర్‌క్లాక్ లేదు, ఆఫీసు పనికి ఓకే. గేమింగ్‌కైతే బీ760 దాకా వెళ్లండి. ఇంటెల్ జెడ్ చిప్‌సెట్ ఐటీఎక్స్ బోర్డు ఎవరికంటే, ఓవర్‌క్లాక్ చేసేవాళ్లకి. చిన్న డబ్బాలో వేడి తగ్గించుకోవడానికే తంటాలు పడతాం, ఓవర్‌క్లాక్ ఎక్కడ చేస్తాం.

వీఆర్ఎం గురించి కంగారు ఎక్కువ, అవసరం తక్కువ. రైజెన్ 5 7600 సాకెట్ దగ్గర గరిష్ఠంగా 88 వాట్లు లాగుతుంది, 7800ఎక్స్‌3డీకి ఆ పరిమితి 162, గేముల్లో అంత వాడదు. ఈ రెండింటికీ హీట్‌సింక్ ఉన్న ఏ బీ650 బోర్డైనా చాలు. 230 వాట్ల దాకా వెళ్లే 7950ఎక్స్, 253 వాట్ల కోర్ ఐ9 13900కే లాంటివి చవక బోర్డు మీద పెట్టాలనుకుంటేనే టెన్షన్ పడాలి. హీట్‌సింకే లేని బోర్డులను 65 వాట్లకి మించి వాడొద్దు. మామూలు క్యాబినెట్‌లో వాటి మీదుగా కాస్త గాలైనా పోతుంది, చిన్న డబ్బాలో అదీ ఉండదు.

గ్రాఫిక్స్ ఉన్న రైజెన్ 8000జీ ప్రాసెసర్లు చిన్న బిల్డులకి చాలామంది చూస్తారు. ఒకటి తెలుసుకుని కొనండి, 8600జీ, 8700జీలు గ్రాఫిక్స్ స్లాటుకి ఎక్స్8 లేన్లే ఇస్తాయి, 8500జీ అయితే ఎక్స్4. బోర్డు మీద స్లాటు పొడుగ్గా ఉంటుంది, లోపల లేన్లు ఉండవు. తర్వాత పెద్ద కార్డు పెట్టే ఉద్దేశం ఉంటే 8500జీ వద్దు.

కార్డు లేని చిన్న పీసీ అయితే

ఇక్కడ మైక్రో ఏటీఎక్స్ సలహా వర్తించదు, కార్డు లేకపోతే మూడు నాలుగు లీటర్లలోకి దిగిపోవచ్చు. బ్రౌజింగు, సినిమాలు, ఫైళ్లు దాచుకోవడం, ఇంతే పని అయితే ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్ అతికించి వచ్చే బోర్డు చూడండి. నాలుగు కోర్లు, 6 వాట్ల టీడీపీ (విడుదలయ్యే వేడి లెక్క), ఫ్యాన్ లేకుండా నడిచేవి ఉన్నాయి, ఏవీ1 రకం వీడియోను హార్డ్‌వేర్ మీదే డీకోడ్ చేస్తుంది. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు. దీని పరిమితులు కూడా గట్టివే. ర్యామ్ ఒకే ఛానల్, అధికారికంగా 16 జీబీ, పీసీఐఈ 3.0 లేన్లు మొత్తం తొమ్మిదే కాబట్టి స్లాటు చూసి మురిసిపోవద్దు. ఇవి కొన్ని లాప్‌టాప్ ర్యామ్ తీసుకుంటాయి, కొన్ని మామూలు ర్యామ్, ఆర్డర్ పెట్టేముందు చూసుకోండి. లాప్‌టాప్ లాంటి అడాప్టర్‌తో నడిచేవీ ఉన్నాయి, వాటికి పవర్ సప్లై డబ్బా చోటే మిగులు.

థిన్ మినీ ఐటీఎక్స్ అని ఇంకో రకం ఉంది, వెనక పోర్టుల ఎత్తు 25 మిల్లీమీటర్లకి తగ్గించి, లాప్‌టాప్ ర్యామ్ పడుకోబెట్టి చేస్తారు, మానిటర్ వెనక తగిలించే పనులకి బాగుంటుంది, కానీ దానికి తగ్గ క్యాబినెట్లు తక్కువ. మినీ ఎస్‌టీఎక్స్ అయితే 147 × 140 మిల్లీమీటర్లు, విడి బోర్డుగా వెతకడం దండగ. ఆజ్‌రాక్ డెస్క్‌మినీ లాంటి బేర్‌బోన్‌గా, అంటే క్యాబినెట్, బోర్డు, అడాప్టర్ కలిపి కొనడమే మేలు. ప్రాసెసర్ మీకు నచ్చింది పెట్టుకోవచ్చు, 65 వాట్ల లోపు.

ప్రాసెసర్ అతికించి వచ్చే పెద్ద బోర్డులూ వచ్చాయి. మినిస్ఫోరమ్ బీడీ790ఐలో లాప్‌టాప్‌లకి చేసిన 16 కోర్ల రైజెన్ 9 7945హెచ్‌ఎక్స్ ఉంటుంది, మినీ ఐటీఎక్స్ సైజే, పూర్తి ఎక్స్16 స్లాటు ఉంది. విడిగా అంత ప్రాసెసర్, అంత బోర్డు కొన్నదానితో పోల్చి చూస్తే ఆకర్షణ అర్థమవుతుంది. రేపు బోర్డు పోతే ప్రాసెసర్ కూడా పోయినట్టే, బయోస్ అప్‌డేట్లు పెద్ద కంపెనీలంత క్రమంగా వస్తాయని ఆశపడకూడదు. చేతులు కాస్త తిరిగినవాళ్లకి సరే, మొదటి బిల్డుకి నేను చెప్పను.

వెనక పోర్టుల దగ్గర రెండు మూడు చూసుకుంటే చాలు. బోర్డు హెచ్‌డీఎంఐ 1.4 అయితే 4కే మానిటర్ 30 హెర్ట్జ్ దగ్గరే ఆగుతుంది, మౌసు కదిలిస్తేనే చిరాకొస్తుంది. వైఫై బోర్డులోనే ఉండాలి, ఐటీఎక్స్‌లో తర్వాత కార్డు పెట్టుకునే స్లాటు ఉండదు కదా. వైఫై మాడ్యూల్ మారుద్దాం అనుకుంటే ఇంటెల్ ఏఎక్స్210 ఏఎండీ, ఇంటెల్ రెండు ప్లాట్‌ఫాముల్లోనూ పనిచేస్తుంది, ఏఎక్స్211 ఇంటెల్ బోర్డుల్లోనే. క్యాబినెట్ ముందు టైప్ సీ ఉంటే బోర్డులో దానికి హెడర్ ఉందో లేదో చూడండి, చవక బోర్డుల్లో ఎగరగొట్టేది ముందు దాన్నే. ప్రాసెసర్ పనిచేయకపోయినా బయోస్ అప్‌డేట్ చేసే ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న బోర్డుకి కాస్త ఎక్కువైనా ఇవ్వండి, పాత స్టాకు బీ650 బోర్డు మీద రైజెన్ 9000 పెట్టిన రోజు దాని విలువ తెలుస్తుంది.

ఇక నేనైతే ఏది తీసుకుంటాను అంటే, గేమింగ్‌కి, టేబుల్ మీద పెట్టేదానికి, హీట్‌సింక్ ఉన్న బీ650 లేదా బీ850 మైక్రో ఏటీఎక్స్, ఎక్స్16 స్లాటు మొదటి స్థానంలో ఉన్నది. మోసుకెళ్లాల్సిన పీసీ అయితే బీ650 ఐటీఎక్స్, వైఫైతో, ఎం.2లు ముందువైపు ఉన్నది, ఇంటెల్ జెడ్ చిప్‌సెట్లూ ఏఎండీ ఎక్స్ చిప్‌సెట్లూ వద్దు. పాత డీడీఆర్4 ఉంటే బీ760 మైక్రో ఏటీఎక్స్. నాలుగైదు హార్డ్‌డిస్కులతో ఇంటి సర్వర్ అయితే కాస్త ఆలోచించాలి, ఎన్100 ఐటీఎక్స్‌లో సాటా పోర్టులు చాలవు, ఎం.2లో పెట్టే ఏఎస్ఎం1166 సాటా అడాప్టర్ ఆరు పోర్టులు ఇస్తుంది కానీ ఆ ఎం.2 కాస్తా దానికే పోతుంది, బూట్ డ్రైవు ఎక్కడ పెడతారో ముందే చూసుకోవాలి. డిస్కులు నాలుగు దాటితే ఎన్100ని వదిలేసి, గ్రాఫిక్స్ ఉన్న మామూలు ప్రాసెసర్‌తో నాలుగు సాటాలున్న మైక్రో ఏటీఎక్స్ తీసుకుని, ఖాళీగా ఉండే ఎక్స్16 స్లాటులో సాటా కార్డు పెట్టుకోండి.